మేస్టారు మాటాడేరా?

పోయిన నెలలో ఒక శనివారం మా మనవరాలు ఎస్తేరు మా నాన్నగారిని ప్రింట్ తీసింది. మొత్తం ఇరవై మూడు పేజీలు వచ్చారు. మేముండేది అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్ళో. మా వీధి చివర రోడ్డు దాటితే కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు వరసగా ఉంటాయి. వాటిని డేటా సెంటర్లంటారనీ, లోకంలో ఎవరు ఏం మాట్లాడినా, ఏం రాసినా చివరికి అక్కడికే చేరుతుందనీ మా అల్లుడు చెబుతాడు. వాటిలోకి మనుషులు వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఒకతను మాత్రం అప్పుడప్పుడూ వచ్చి చుట్టూ గడ్డి కోసి వెళ్తుంటాడు. ఎస్తేరు తొమ్మిదో తరగతి. కుటుంబంలో ప్రజాజీవితంలో ఉన్నవాళ్ళెవరి గురించైనా రాయమని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారట. మా నాన్నగారు ఒక్క విడత పార్లమెంటు సభ్యుడిగా చేశారని వాళ్ళమ్మ చెప్పింది. పాత చర్చలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు కాబట్టి, ఆయన పేరు కొడితే ఆయన సభలో అన్న ప్రతి మాటా పావుగంటలో దొరికిపోయింది. అయిదేళ్ళ పదవీకాలానికి పావుగంట ఎక్కువే అనిపించింది నాకు.

"అమ్మమ్మా, ఫైవ్ ఇయర్స్‌లో లెవెన్ టైమ్సే మాట్లాడారు. అందులో ఫోర్ టైమ్స్ జస్ట్ అరిచారు," అంది.

"మా నాన్నగారు అరిచే మనిషి కాదు."

"ఇక్కడ ఇంటరప్షన్స్ అని ఉంది."

"అరిచింది వేరేవాళ్ళయి ఉంటారు."

"పేరు తాతగారిదే ఉంది అమ్మమ్మా." అది ముత్తాత అనలేదు, అందరినీ తాతగారే అంటుంది. "బట్ ఇది మాత్రం సూపర్. టూ ఫుల్ పేజెస్. సాల్ట్ వర్కర్స్‌కి డ్రింకింగ్ వాటర్ గురించి. ఇదే తీసుకుంటాను ప్రాజెక్ట్‌కి."

ఆ పేజీ నా చేతికిచ్చింది. పైన నాన్నగారి పేరు పక్కన చిన్న చుక్క గుర్తు, కింద అంతకన్నా చిన్న అక్షరాల్లో, ప్రసంగపాఠాన్ని సభకు సమర్పించారని ఒక వాక్యం. దాని అర్థం ఎస్తేరుకు తెలియదు. నాకు తెలుసు. ఆ రెండు పేజీలూ నాన్నగారు సభలో మాట్లాడలేదు. ఆ రోజు నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చుని ఉన్నాను. అయినా, "బాగుంది, తీసుకో," అన్నాను. ఒకే ప్రసంగం గురించి నేను అబద్ధమాడటం అది రెండోసారి.

నాన్నగారు ఎన్నికల్లో గెలిచేనాటికి మా ఊరి హైస్కూల్లో లెక్కల మేస్టారు. గెలిచాక కూడా మా నియోజకవర్గంలో ఆయన్ను ఎంపీగారని పిలిచినవాళ్ళు లేరు, మేస్టారే. ఆయన ఎలాంటి మేస్టారంటే, ఏడో తరగతి పరీక్షలో నా పక్కనున్న అమ్మాయి నన్ను చూసి రాసిందని తెలిసి ఇద్దరికీ సున్నా వేశారు. "చూసింది తను కదా నాన్నగారూ," అన్నాను. "చూపించింది ఎవరు?" అన్నారు. మా అమ్మ ఆ రోజు నా పక్షాన వాదించి ఓడిపోయింది. అలాంటి ఇంట్లో అబద్ధమాడటానికి చాలా నేర్పు కావాలి, అది నాకు ఉండేది కాదు.

ఢిల్లీలో మాకిచ్చిన క్వార్టరులో గదులు తక్కువ, మనుషులు ఎక్కువ. ఊరినుంచి పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ళు, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్ళు, ఏ పనీ లేకుండా ఢిల్లీ చూద్దామని వచ్చినవాళ్ళు వరండాలో వరసగా పడుకునేవారు. పొద్దున్నే స్నానాల గది ముందు బకెట్ల క్యూ ఉండేది, ఆ క్యూలో నాన్నగారిది నాలుగో బకెట్టో అయిదో బకెట్టో. ఉన్ని దుస్తుల్లోంచి కలరా ఉండల వాసన, వంటింట్లోంచి ఎండు నెత్తళ్ళ పులుసు వాసన, బల్లమీద అర్జీల్లోంచి చెమట వాసన. పక్క క్వార్టరులో ఉత్తరాది ఎంపీగారి కుటుంబం ఉండేది, శాకాహారులు. మా అమ్మ ఎండుచేపలు వండిన ప్రతిసారీ పక్కింటావిడ ఒక అగరొత్తుల కట్ట పంపేది. అమ్మ దాన్ని స్నేహమనుకుని తిరుగు పళ్ళెంలో ఆవకాయ పంపేది. ఇలా ఏడాది జరిగేసరికి ఇద్దరూ నిజంగానే స్నేహితులయ్యారు. ఇద్దరిలో ఎవరికీ రెండోవారి భాష రాకపోవడం అందుకు బాగా ఉపయోగపడింది.

నాన్నగారు తెల్లవారకముందే లేచి, గడ్డం గీసుకుని, బైబిలు చదివి, ఆ తర్వాత ఆ రోజు సభా కార్యక్రమాల పత్రం చదివేవారు. రెండింటినీ ఒకే స్వరంతో చదివేవారు. ప్రశ్నలు అడగడానికి సభ్యుల పేర్లు చీటీల పద్ధతిలో తీస్తారు. నాన్నగారి చీటీకి ముందుకు వచ్చే అలవాటు లేదు. కొత్త సభ్యుడు, చిన్న పార్టీ, వెనక బెంచీ. సమయం ఆయన దాకా వచ్చేసరికి అయిపోయేది. సభలో చెప్పలేకపోయినవన్నీ ఆయన ఇంట్లో భోజనాల ముందు ప్రార్థనలో చెప్పేవారు. "ప్రభువా, మా ప్రాంతంలో గేటు లేని రైలు దారి విషయం మరొకసారి నీ దృష్టికి తెస్తున్నాను," అని మొదలయ్యేది. కాపలా లేని గేట్లు ఎన్ని, వంతెన ఎక్కడ కావాలి, అంతా వివరంగా. చారు చల్లారిపోయేది. ఒకసారి అమ్మ ఆమెన్ అన్నాక మెల్లిగా, "ఈ రైలు గేటు సంగతి దేవుడికి నిన్న కూడా చెప్పారండీ," అంది. "నిన్న జవాబు రాలేదు," అన్నారాయన, కంచం దగ్గరకు లాక్కుంటూ.

మరియమ్మ మా ఇంటికి వచ్చింది మొదటి చలికాలం అయిపోయే రోజుల్లో. సముద్రం ఒడ్డున గవ్వలపేట అనే చోట ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి. సైన్యంలో ఉన్న అన్నకొడుకు సెలవు ముగించుకుని వస్తుంటే వాడి వెంట రైలెక్కి, మా గుమ్మం ముందు దిగింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో రెండు చీరలూ, నూరుకు పైగా వేలిముద్రలున్న ఒక అర్జీ. గవ్వలపేటలో బావి తవ్వితే ఉప్పునీరే. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడిచి రైల్వే స్టేషన్ కుళాయి దగ్గరకు వెళ్ళాలి, స్టేషన్ మాస్టరు మంచివాడైతే పట్టుకోవాలి. రాష్ట్రాన్ని అడిగితే, ఉప్పు భూములు కేంద్రానివి, అక్కడ అడగమన్నారు. కేంద్రాన్ని అడిగితే, తాగునీరు రాష్ట్రం చూసుకోవాలన్నారు. నాన్నగారు ఈ సంగతి రాతప్రశ్నగా వేస్తే వచ్చిన జవాబు కూడా అదే, కాకపోతే మంచి కాగితం మీద.

"మీరు సభలో మాటాడతారంట కదా మేస్టారూ. మా ఊరి పేరు సెప్పి మాటాడితే ఇని ఎల్తాను," అంది మరియమ్మ.

"ఎప్పుడు అవకాశం వస్తుందో చెప్పలేనమ్మా."

"ఉంటాను."

మూడు వారాలుంది. వంటింట్లో అమ్మకు సాయం చేసేది. ఉప్పు మాత్రం తను వేసేది కాదు, "మా సెయ్యి పెద్దది," అనేది. ఇంట్లో కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్ళు రావడం ఆమెకు రోజూ కొత్తగానే ఉండేది. తిప్పి, చూసి, కట్టేసేది.

చివరికి బడ్జెట్ చర్చలో నాన్నగారికి ఎనిమిది నిమిషాలు ఇస్తామన్నారు. ఎనిమిది నిమిషాల కోసం ఇంట్లో పది రోజులు సాధన జరిగింది. ఆయన రాసినదాన్ని నేను మంచి దస్తూరీతో ఎత్తి రాసేదాన్ని. సాయంత్రం కాఫీ అయ్యాక ఆయన హాల్లో నిలబడి ఇంగ్లీషులో చదివేవారు. నేను ఎదురుగా స్పీకరు స్థానంలో, అంటే ట్రంకుపెట్టె మీద, చేతి గడియారం పట్టుకుని కూర్చునేదాన్ని. ఏడో నిమిషంలో చెంచాతో గ్లాసు మీద కొట్టేదాన్ని. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. మరియమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని, ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గవ్వలపేట అన్న మాట దగ్గర తల ఎత్తేది. మొదట్లో ఆ మాట అయిదో నిమిషంలో వచ్చేది. "ముందుకు జరపండి నాన్నగారూ," అన్నాను. మూడో నిమిషానికి జరిపారు. ఆ పది రోజులంత సుఖంగా నేను నాన్నగారితో ఎప్పుడూ లేను. స్పీకరుగా నేను ఆయన్ను "గౌరవ సభ్యులు ముగించాలి" అని గద్దించేదాన్ని, ఆయన నిజంగానే భయపడి వేగం పెంచేవారు.

చర్చరోజున మరియమ్మకూ నాకూ గ్యాలరీ పాసులు తెచ్చారు. అక్కడ ముందుకు వంగకూడదు, వేలు చూపకూడదు, మాట్లాడకూడదు. కాపలా ఉద్యోగి మరియమ్మను ఈ మూడింటికీ ఒక్కోసారి హెచ్చరించాడు. కింద నాన్నగారు చాలా చిన్నగా కనిపించారు. మధ్యాహ్నం దాటింది. నాకు గుర్తులేని ఏదో విషయం మీద పెద్ద గొడవ లేచింది. సభ్యులు సీట్లు వదిలి మధ్యలోకి వచ్చేశారు. ఆ గొడవలో నాన్నగారి పేరు పిలిచారు. ఆయన లేచారు. ఉప్పు కార్మికుల పక్షాన మాట్లాడటానికి లేచానని ఒక వాక్యం పూర్తిగా, దేశంలో ప్రతి వంటింట్లోనూ అని రెండో వాక్యం సగం. గంట మోగింది. నా గ్లాసు కన్నా చాలా పెద్ద గంట. సమయం లేదు, ప్రసంగపాఠం సభకు సమర్పించండి, చేసినట్టే లెక్క అన్నారు అధ్యక్షులు. నాన్నగారు ఇంకొంచెంసేపు నిలబడి ఉన్నారు. తర్వాత కాగితాలు మడిచి, పక్కకు వచ్చిన మనిషికి ఇచ్చి కూర్చున్నారు. పైకి మావైపు చూడలేదు.

బయట పచ్చికలోకి వచ్చాక మరియమ్మ నా భుజం పట్టుకుంది. "పాపా, మేస్టారు మాటాడేరా? అదేనా మాటాడ్డం?"

"మాట్లాడారు."

"మా ఊరి పేరు నాకినబడలేదు."

ఆమె మూడు వారాలు మా వంటింట్లో ఎదురుచూసింది. మర్నాడు రైలు. నేను, "చెప్పారు, గోలలో మీకు వినబడలేదు," అన్నాను. ఆమె ముఖం ఎలా అయిందో చూశాక, "రెండుసార్లు చెప్పారు," అని కూడా అన్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్నగారి ప్రార్థన రెండు వాక్యాల్లో అయిపోయింది. అమ్మ చారు పొగలు కక్కుతూ ఉంది. ఇంకా ముద్ద ఎత్తకముందే మరియమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. "దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాలి మేస్టారూ. అంత గోలలోనూ మా ఊరు పేరు రెండుసార్లు సెప్పేరంట. పాప సెప్పింది. ఊరెల్లి సెప్తాను అందరికీ." నాన్నగారు నావైపు చూశారు. ఇప్పుడు చెబుతారు, మరియమ్మ ముందే చెబుతారు, పరీక్షలో సున్నా వేసినట్టు వేస్తారు అనుకున్నాను. ఆయన కాసేపు కంచంలోకి చూశారు. "కూర్చుని తినమ్మా, చల్లారిపోతుంది," అన్నారు. అంతే. మర్నాడు స్టేషన్లో కూడా ఏమీ చెప్పలేదు. రైలు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి దండం పెడితే తిరిగి దండం పెట్టారు.

పదమూడేళ్ళ పిల్ల ఒక మనిషి మీద తీర్పు చెప్పాలంటే అంత సాక్ష్యం చాలు. తను చేయని పనికి దండం అందుకున్న మనిషి అనుకున్నాను. నాకు శిక్ష తప్పిందన్న సంతోషం ఒక్క రోజు కూడా నిలవలేదు. ఆ తర్వాత ప్రసంగాల సాధనకు రమ్మంటే చదువుకోవాలన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. ఎత్తి రాయమంటే రాసిచ్చేదాన్ని, దస్తూరీలో మాత్రం శ్రద్ధ తగ్గించాను. ఆ వేసవి ముందు కొన్ని రోజులు ఆయన పొద్దున్నే వరండాలో, పడుకున్నవాళ్ళ మధ్యన అడుగులు వేసుకుంటూ, ఏదో తెలుగులో వల్లె వేసుకోవడం విన్నాను. ఊళ్ళో సభల్లో ఇచ్చే ఉపన్యాసాలనుకున్నాను. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు, మళ్ళీ లెక్కలు చెప్పుకున్నారు. నేను పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం చేశాను, కూతురి పురిటికని ఇక్కడికి వచ్చి ఉండిపోయాను. అంతకుముందు, నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఆయన్ను బాగానే చూసుకున్నాను. మాట్లాడవలసినంతే మాట్లాడాను. ఆయన పోయినప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూడికలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. తల అడ్డంగా ఊపాను. దుఃఖంతో మాట రావడం లేదని పాస్టరుగారు అందరికీ సర్దిచెప్పారు. నిజానికి మాట బాగానే వచ్చేది. ఏం చెప్పినా అందులో ఆ భోజనాల బల్ల వచ్చేస్తుందని ఊరుకున్నాను.

ఎస్తేరు తన రెండు పేజీలు పట్టుకుని పైకి వెళ్ళాక మిగిలిన కాగితాలు ఇంటి వెనక చెక్క వసారా, డెక్ మీదకు తెచ్చుకుని చదివాను. రైలు గేటు ఉంది. వంతెన ఉంది. నాలుగు అంతరాయాల్లో మూడు, "అధ్యక్షా, నాకు సమయం" అన్నవే. నాలుగోదానిలో ఆయన నిజంగానే అరిచినట్టుంది. అన్నిటికన్నా అడుగున ఎస్తేరు పక్కన పెట్టేసిన ఒక పేజీ దొరికింది. సమావేశాలు ముగిసే ముందు ఒక సాయంత్రం, బడ్జెట్ చర్చ తర్వాత కొన్ని వారాలకు. దాని మీద కూడా చుక్క గుర్తు ఉంది, కాని కింద వాక్యం వేరు. తెలుగులో చేసిన ప్రసంగానికి ఇంగ్లీషు అనువాదం అని ఉంది. సమర్పించింది కాదు, చేసింది. దానికి ముందు ఒక సభ్యుడు సభలో కోరం లేదని అభ్యంతరం చెప్పినట్టు కూడా ఉంది, అంటే సీట్లలో ఉన్నవాళ్ళు బహు కొద్దిమంది.

నాన్నగారి తెలుగు ఎక్కడా లేదు, ఎవరో అనువాదకుడి ఇంగ్లీషే ఉంది. నేను దాన్ని మళ్ళీ తెలుగు చేసి ఆయన నోట్లో పెడుతూ చదివాను. "అధ్యక్షా, ఈ విషయం మీద నేను ఇదివరకే మాట్లాడానని మా నియోజకవర్గంలో ఒకామె నమ్ముతోంది. ఆమె నమ్మకం అబద్ధం కాకుండా ఉండటానికి నాకు నాలుగు నిమిషాలు ఇప్పించండి. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో మాట్లాడతాను. ఆమె పేరు మరియమ్మ. ఊరు గవ్వలపేట. మరొకసారి చెబుతున్నాను, గవ్వలపేట." ఆ తర్వాత బావి, మూడు మైళ్ళు, స్టేషన్ మాస్టరు. చివరన, "ఉప్పు కేంద్రానిది, నీళ్ళు రాష్ట్రానివి అంటున్నారు. దాహం మాత్రం వీళ్ళదే అయింది" అని. మంత్రి పరిశీలిస్తామన్నారు. సభ వాయిదా పడింది.

ఆ ఏడాది వానల తర్వాత గవ్వలపేటకు వారానికి రెండుసార్లు నీళ్ళ ట్యాంకరు వస్తోందని మరియమ్మ ఎవరిచేతనో కార్డు రాయించింది. నాన్నగారు దాన్ని ఏమీ అనకుండా ఫైల్లో పెట్టుకోవడం చూశాను. పార్లమెంటులో మాట్లాడకుండానే ట్యాంకరు వచ్చిందని అప్పట్లో నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఇప్పుడా ఉప్పుమడులు లేవట, రొయ్యల చెరువులట. మరియమ్మ ఎప్పుడో పోయింది. అప్పుడు ఒక మనిషి సభలో నిలబడి నిజంగా మాట్లాడినా, సొంత ఇంట్లోవాళ్ళకు తెలియకుండా ఉండిపోగలిగేది. ఇప్పుడు మా అమ్మాయి ఆఫీస్ మీటింగ్‌లో దగ్గినా రికార్డవుతుందట. ఏ కాలం మంచిదో నేను చెప్పలేను. మొదటిది మా నాన్నగారికి నప్పింది.

ఎస్తేరును పిలిచి ఆ పేజీ చూపించాను. గ్యాలరీ, గంట, పచ్చిక, భోజనాల బల్ల, అన్నీ చెప్పాను. చుక్క గుర్తు అర్థం కూడా చెప్పాను. అది ఫోన్ పక్కన పెట్టి విన్నది.

"వెయిట్. ఆవిడకి ఎవరు చెప్పారు, ఆల్రెడీ మాట్లాడారని?"

"నేనే."

"అబద్ధమా?"

"అబద్ధమే. ఆయన ఆ సాయంత్రం కాదనలేదు. అందుకే నాకు ఇన్నాళ్ళూ..."

ఎస్తేరు పేజీ మళ్ళీ చదివింది. "కానీ అమ్మమ్మా, తాతగారు డిన్నర్‌లో నో, నేను చెప్పలేదు అంటే, నువ్వు లై చేశావని ఆవిడకి తెలిసిపోతుంది కదా. నీ ముందే. నీకు థర్టీన్."

నేను చేతిలో మిగిలిన కాగితాల అంచులు సరిచేశాను.

"సో నీ కోసమే ఊరుకున్నారు. తర్వాత వెళ్ళి దాన్ని ట్రూ చేశారు." అదేదో చిన్న లెక్క అన్నట్టు చెప్పేసింది.

ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర నేను నాన్నగారి ముఖమే చూస్తూ వచ్చాను. ఆయన కూర్చున్న చోటునుంచి ఏం కనిపించిందో ఎన్నడూ చూడలేదు. బిగుసుకుపోయిన ఒక పిల్ల ముఖం కనిపించి ఉంటుంది. నాకు అరవై దాటాయి. దానికి పద్నాలుగు.

"ప్రాజెక్ట్‌కి ఇదే పెట్టేస్తా," అంది ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "బట్ స్టోరీ మొత్తం రాయాలి. నువ్వు అబద్ధం చెప్పావని కూడా. నీ పేరు వస్తుంది. ఓకేనా?"

"రాయి," అన్నాను. "పూర్తి పేరు రాయి."